ఎర్ర మాత్ర, తెల్ల పంచె

మా మనవరాలు ఈ ఏడు డి.ఫార్మసీలో చేరింది. మొన్న సెలవులకు వచ్చినప్పుడు, "నానా, మమ్మల్ని మూడు నెలలు ఆసుపత్రికి ట్రైనింగుకు పంపుతారంట. ఆడ ఏం నేర్చుకోవాల?" అని అడిగింది. మా ఇళ్లలో తల్లి తండ్రిని నానా అంటారు. నేను పేపరు చదువుతూ, "బిళ్లలు లెక్కపెట్టేది" అని చెప్పి మళ్లీ పేపర్లో తల దూర్చాను. పిల్ల నవ్వుకుంటూ పోయింది గానీ ఆ పూట నాకు అన్నం సయించలేదు. ఎంతమంది పిల్లలకు నా చేతుల మీదుగా ట్రైనింగు ఇచ్చానో నాకే గుర్తు లేదు. సొంత మనవరాలు అడిగిన మాటకు తిన్నగా జవాబు చెప్పడానికి నాకేం రోగం?

రోగం ఉంది. ఆ జవాబు చెప్పాలంటే నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. ఇన్నాళ్లూ అందుకే దాటేస్తూ వచ్చాను. ఇప్పుడు చేతికర్ర వచ్చింది, దాచుకుని ఎక్కడికి తీసుకుపోతాను? రాసి పెడుతున్నాను. ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఎవరు శాలువా కప్పారు అన్నవి ఇందులో ఉండవు. వాటివల్ల ఒక్క రోగికీ దగ్గు తగ్గలేదు.

సీసా మీది కాగితం

డెబ్బైల మొదట్లో ఆదోనిలో పత్తి వ్యాపారులు కొందరు కలిసి ఒక చిన్న ధర్మాసుపత్రి నడిపేవారు. ఇప్పుడది లేదు. నేను చేరింది అందులోనే. కాగితం మీద ఫార్మసిస్టును, జనానికి మాత్రం కాంపౌండరు సాబును. మా అబ్బా, అంటే మా నాయన, అదే ఊళ్లో పరుపులు కుట్టేవారు. దూది దులిపి దులిపి ఆయనకు జీవితాంతం దగ్గు. నేను తెల్లకోటు వేసుకున్న రోజు ఆయన దుకాణం మూసి వచ్చి, ఆసుపత్రి గేటు బయట నిలబడి చూసి, లోపలికి రాకుండానే వెళ్లిపోయారు.

అప్పట్లో దగ్గుమందు మేమే కలిపేవాళ్లం. సీసా రోగి తెచ్చుకోవాలి. తేనె సీసా, ఆముదం సీసా, సారా సీసా, ఏదైనా సరే కడిగి తెస్తే పోసి ఇచ్చేవాళ్లం. సీసా పక్కన ఒక కాగితం ముక్క అంటించేవాళ్లం. దాని అంచును మెట్లు మెట్లుగా కత్తిరిస్తాం. ఒక మెట్టు ఒక మోతాదు. చదువు రానివాళ్లకు అదే చదువు. నేను ఆ కాగితం కోస్తే కొలబద్ద పెట్టినట్టు ఉండేది. దాని గురించి నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

ఒకసారి సి.బెళగల్ వైపునుంచి ఒకామె దగ్గుతున్న బిడ్డను ఎత్తుకొచ్చింది. ఆమె తెచ్చిన సీసా పైన సన్నం, కింద బాన కడుపు. నేను అలవాటు చొప్పున సమానంగా మెట్లు కోసి అంటించి ఇచ్చాను. మూడో రోజుకు బిడ్డ కళ్లు తెరవకుండా మత్తుగా పడి ఉంటే పరిగెత్తుకుంటూ తెచ్చింది. మందులో మత్తు కలిగించేది కాస్త ఉంటుంది. పైమెట్లలో చెంచాడు పడిన మందు కిందిమెట్లకు వచ్చేసరికి రెండు మూడు చెంచాలైంది.

"గీత కాడికే తాపినా సామీ. గీత దాటలే" అని ఆమె ఏడుస్తూనే ఉంది.

దేవుడి దయవల్ల బిడ్డ సాయంత్రానికి లేచి కూర్చుని బొరుగులు అడిగింది. మా డాక్టరమ్మ బళ్లారి మనిషి, కోపం వస్తే గొంతు ఇంకా తగ్గించి మాట్లాడేది. నన్ను పిలిచి ఆ సీసా బల్లమీద పెట్టింది. "కాగితం బాగా కోసినావు. సీసా చూడలేదు" అంది. అంతే. ఒక రోజు జీతం కోసి ఉంటే ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి.

ఇది చదివే ఫార్మసీ పిల్లలూ, మీరు కూడా గుర్తుపెట్టుకోండి. కాలేజీలో మీకు కాగితం కోయడం నేర్పుతారు. సీసాలు మాత్రం మందులిచ్చే కిటికీ దగ్గరే కనబడతాయి.

నేను ఆ పాఠం నేర్చుకున్నాననే అనుకున్నాను. సీసాల విషయంలో నేర్చుకున్నాను కూడా. మనుషుల విషయంలో ఇంకో పన్నెండేళ్లు పట్టింది.

నా తెలుగు

దీనికి ముందు కథ కొంత చెప్పాలి. నేను చదువుకునే రోజుల్లో కర్నూలులో ఒక మందుల దుకాణంలో పని నేర్చుకున్నాను. అక్కడ పెద్ద ఫార్మసిస్టు చలపతిగారు. చెయ్యి మంచిది, నోరు చెడ్డది. మా ఇంట్లో ఉర్దూ, వీధిలో ఆదోని తెలుగు, రెండూ కలిసి నా నోట ఏదో ఒకటి తయారయ్యేది. నేను "యాడ పెట్టాల సార్" అంటే, ఆయన దుకాణం నిండా జనం ఉన్నప్పుడు, "ఏమయ్యా సాయిబూ, ముందు నీ తెలుక్కు ఒక మిక్చరు కలుపుకో" అనేవారు. జనం నవ్వేవారు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, ఆయన మాటకంటే ఆ నవ్వే నన్ను కాల్చింది.

పంతం పట్టాను. రేడియో వార్తలు విని విని, పాత వాచకాలు చదివి చదివి, రెండేళ్లలో నా నాలుకను చితక్కొట్టి కొత్తది చేసుకున్నాను. ఆదోనికి వచ్చాక కోటు తొడిగితే చాలు, నా నోటినుంచి అచ్చు వేసిన తెలుగే వచ్చేది. మా అబ్బా ఒకసారి మందుకు వచ్చి, నా మాటలు విని, "బేటా, నాకు కాదు గదా చెప్పేది?" అని వెనక్కి తిరిగి చూశారు. నేను దాన్ని మెచ్చుకోలు కింద జమ కట్టుకున్నాను. గురివింద గింజ తన కింది నలుపు ఎరగదంటారు. నేను పూర్తిగా గురివింద గింజను.

ఈరన్న

ఎనభైల నడుమ మా ఆసుపత్రివాళ్లు ఎమ్మిగనూరులో బస్టాండు వెనక ఒక గది అద్దెకు తీసుకుని, వారానికోసారి క్షయ రోగులకు మందులివ్వడం మొదలుపెట్టారు. ప్రతి గురువారం డాక్టరమ్మా, నేనూ, ట్రైనింగుకు వచ్చిన పిల్లలు ఒకరో ఇద్దరో ఆదోని నుంచి బస్సులో పోయేవాళ్లం. గురువారం బస్సంటే మంత్రాలయం పోయేవాళ్లతో కిక్కిరిసి ఉంటుంది. మందుల పెట్టె ఒళ్లో పెట్టుకుని, దాని మీద ఇంకొకరి బిడ్డను కూర్చోబెట్టుకుని పోవాలి.

ఆ ఏడు వచ్చిన విద్యార్థి పేరు రికార్డులో వీరన్న, వాడు చెప్పుకునేది ఈరన్న. కర్నూలు హాస్టల్లో ఉండి చదివాడు. సన్నగా, మాట కలుపుకునే రకం. రెండో గురువారమే కిటికీ దగ్గర ఒక ముసలి నేతపనివాణ్ణి పట్టుకుని, "ఏం పెద్దాయనా, మగ్గం సాగుతాందా? పడుగు ఇస్తాండారా సరిగ్గా?" అని మొదలుపెట్టాడు. ఆయన ఆనందంగా మగ్గం గుంతలో కాళ్లు వాచే సంగతంతా చెప్పుకొచ్చాడు. వెనక వరస కదలడం లేదు.

వరస ముందే వాణ్ణి కడిగేశాను. "వీరన్నా, ఇది రచ్చబండ కాదు. ఇక్కడ మగ్గం కబుర్లు అక్కర్లేదు. మందు, మోతాదు, వేళ. ఈ మూడే మాట్లాడాలి. అదీ శుభ్రమైన తెలుగులో మాట్లాడాలి" అన్నాను. ఇద్దరు ముగ్గురు నవ్వారు. చలపతిగారి దుకాణంలో నవ్విన నవ్వే అది. నాకు వినబడలేదు. ఈరన్న తల వంచుకుని, "సరే సార్" అన్నాడు. ఆ తర్వాత వాడు చాలా మంచి విద్యార్థి అయిపోయాడు. కబుర్లు లేవు, ఆలస్యం లేదు. నేను తయారుచేసిన సూచనల కాగితం రోగి ముందు గడగడా చదివేవాడు.

ఆ కాగితం గురించి కూడా చెప్పాలి. అప్పుడే క్షయకు కొత్త మందు వచ్చింది, రిఫాంపిసిన్ అని, ఎర్ర గొట్టం మాత్ర. పాత పద్ధతిలో ఏడాదిన్నర మింగాల్సిన మందులు దీనితో ఆరు నెలలకు దిగాయి. అది మింగితే ఒంట్లోని నీళ్లన్నీ రంగు మారతాయి. అందుకని నేను ఇలా రాశాను: "ఈ ఔషధమును ప్రాతఃకాలమున పరగడుపున సేవింపవలెను. మూత్రము, స్వేదము, లాలాజలము ఎర్రబారును. భీతిల్లరాదు." రాసి, చదువుకుని, మురిసిపోయాను. లాలాజలమంటే ఎంగిలి. ఆ ఊళ్లో ఎంగిలితో ఏం పని చేస్తారో నేను ఒక్కసారి కూడా అడగలేదు.

బసప్ప

బసప్పకు నలభై ఏళ్లుంటాయి. ఎమ్మిగనూరు నేతపనివాడు. అంతకు రెండేళ్ల ముందు సూదులు వేయించుకుంటూ వేయించుకుంటూ మధ్యలో మానేశాడు, జబ్బు తిరగబెట్టింది. డాక్టరమ్మ అతన్ని కూర్చోబెట్టి, "ఈసారి మానితే మళ్ల నీకిచ్చేదానికి నా దగ్గర ఏం లేదు బసప్పా. ఇదే కడసారి" అని చెప్పింది. అతను చేతులు కట్టుకుని విన్నాడు. ఈరన్న కాగితం చదివాడు. అతను దానికీ తల ఊపాడు.

ప్రతి గురువారం తప్పకుండా వచ్చేవాడు. "మందులు తింటున్నావా?" అంటే "తింటాండా సాబూ" అనేవాడు. కానీ నెలన్నర దాటినా దగ్గు తగ్గలేదు. మెడ ఎముకలు పైకి తేలాయి. మందు ఇతనికి పట్టడం లేదేమోనని డాక్టరమ్మ దిగులు పడింది. నాకు వేరే అనుమానం వచ్చింది. ఒక సీసా ఇచ్చి ఒంటికి పోసి తెమ్మన్నాను. తెచ్చాడు. రంగు లేదు. ఎర్ర మాత్ర మింగినవాడి మూత్రం అలా తెల్లగా ఉండదు.

ఎనిమిదో వారం, వరస మొత్తం చూస్తుండగా అడిగాను. "ఇన్ని వారాలు తీసుకుపోయిన మందు ఎవరికి అమ్ముకుంటున్నావు?"

బసప్ప నా మొహం వైపు ఒక్కసారి చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి, మడిచి, మళ్లీ వేసుకుని వెళ్లిపోయాడు. ఆ వారం మందు కూడా తీసుకోలేదు. పక్కన ఈరన్న ఏదో అనబోయి ఆగడం నేను చూశాను. అడగలేదు.

తరువాతి గురువారం అతను రాలేదు. ఆ మరుసటి గురువారమూ రాలేదు. డాక్టరమ్మ చీటీ చేతిలో పట్టుకుని, "వీడు చచ్చిపోతాడు సాబ్. ఇంటికి పోయి చూసి రా" అంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మందుల పెట్టె చంకన పెట్టుకుని బయలుదేరాను. ఈరన్నను వెంట రమ్మన్నాను.

గుంత మగ్గం దగ్గర

ఇల్లు ఎక్కడో అడుగుదామని నేను ఒక అంగడి ముందు ఆగాను. ఈరన్న ఆగలేదు. సందులోంచి సందులోకి, మగ్గాల చప్పుడు మధ్య, వాడు ముందు నడుస్తుంటే నేను వెనక పడ్డాను.

"నీకు దారి ఎలా తెలుసురా?"

"మా ఇల్లు రెండు వీధుల అవతలే సార్."

వాడు నా దగ్గరికి వచ్చి రెండు నెలలు దాటింది. వాడి ఊరేదో, వాళ్ల నాయన ఏం చేస్తాడో నేను అడగలేదు.

బసప్ప గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు. అతని భార్య గౌరమ్మ గోడ వారగా రాట్నం మీద కండెలు చుడుతోంది. నన్ను చూసి లేచి చాప వేసింది. బసప్ప లేవలేదు. మగ్గం మీద తెల్ల పంచె, వేలెడు మరక లేనిది. ఈరన్న గుంత అంచున చతికిలబడ్డాడు.

"బసప్ప మామా, నేను ఈరన్నని. నరసప్ప కొడుకుని."

బసప్ప చెయ్యి ఆగింది. "మన నరసప్ప కొడుకువా? కిటికీ కాడ ఉండేది నువ్వేనా? ఏందో పుస్తకం మాదిరి మాట్లాడుతాంటివి గదప్పా. ఎవురో బయటూరి పిల్లోడనుకొంటి."

ఆ మాట ఈరన్నకు తగలాల్సింది కాదు, నాకు తగలాల్సింది. తగిలింది.

గౌరమ్మ లోపలికి పోయి ఒక రేకు డబ్బా తెచ్చి నా ముందు పెట్టి మూత తీసింది. ఎర్ర మాత్రలు. ఒక్కటి పగలలేదు, ఒక్కటి తడవలేదు. నేను అమ్ముకున్నావని అన్న మాత్రలు.

"మొదుటి వారం మింగినాడు. మళ్ల మానినాడు. దీంతో ఇచ్చిన తెల్లబిళ్లలు తింటాండాడు సాబూ, అది అబద్ధం గాదు. ఈటిని పారేసేదానికి మనసొప్పలేదు, మీరిచ్చినవి గదా అని దాసిపెట్టినా" అంది.

"ఎందుకు మానావు?" అన్నాను. బసప్ప నేల చూపులు చూశాడు. మళ్లీ అడిగాను. అతను ఈరన్న వైపు చూశాడు.

ఈరన్న మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడె తీసుకున్నాడు. అందులో దారం చుట్టిన కండె ఉంటుంది. దారపు కొసను నాడె పక్కనున్న సన్న కంతలోంచి బయటికి లాగాలి. వాడు ఆ కంతకు పెదవులు ఆనించి ఒక్క పీల్పు పీల్చాడు. దారం వాడి నోట్లోకి వచ్చింది. బయటికి తీసి నా కళ్ల ముందు పట్టాడు. బెత్తెడు మేర తడి.

"ఇట్ల సార్. కండె అయిపోయిన ప్రతిసారీ ఇట్లే. తెల్లారినకాడినుంచి పొద్దుగూకేదాకా ఎన్నిసార్లో లెక్కుండదు. ఎర్రమాత్ర మింగినోని ఎంగిలి ఎట్లుంటాదో మీ కాగితంలోనే ఉంది గద సార్."

అప్పుడు బసప్ప నోరు విప్పాడు. మొదటి వారం నేసిన పంచెను, నూలిచ్చి నేయించుకునే సావుకారు ఎండలో పరిచి చూశాడట. కండె మారిన ప్రతిచోటా ఒక కావి రంగు చుక్క. "రగతం కక్కుతాండావా బసప్పా?" అని నలుగురిలో అడిగాడట. నోట్లో పుండు అని చెప్పి బయటపడ్డాడు.

"టీబీ అని తెలిస్తే ఎవురూ నాకు పడుగు ఇయ్యరు సాబూ. అదొగటి. ఇంగొగటి ఏమంటే, మా నాయిన నేసినాడు, మా తాత నేసినాడు. ఈ ఇంట్లోనుంచి మరక బట్ట పోలేదు. ఆ సుక్కలు సూసినంక నాకు నిద్ర రాలే."

నా తెలివి అంతా బయటికి తీశాను. కొన్నాళ్లు మగ్గం ఆపెయ్యమన్నాను. "ఆపితే ఇంగ మందెందుకు సాబూ" అన్నాడు. రంగు నూలు నెయ్యమన్నాను. సావుకారు ఇచ్చేది తెల్లదే అన్నాడు. మందు ఇచ్చేవాణ్ణి నేను, దారి తెలియనివాణ్ణీ నేనే.

ఈరన్న నెమ్మదిగా, "అత్తా, మీ ఇంట్ల దేవుని కొక్కెం ఉందా?" అని అడిగాడు.

గౌరమ్మ మొగుడి వైపు చూసింది. తర్వాత దేవుని గూట్లోంచి పసుపు గుడ్డలో చుట్టిన చిన్న పొట్లం తెచ్చింది. విప్పితే, కొస వంచిన సన్న తీగె. ఏడాదికొకసారి జాతరకు దేవుడికి ఆ వీధివాళ్లే పంచె నేస్తారట, వంతులవారీగా. దేవుడి బట్టకు ఎంగిలి తగలకూడదు. అందుకని ఆ ఒక్క పంచెకు ఎవరూ నాడెకు నోరు పెట్టరు. ఈ కొక్కెంతో దారం లాగుతారు. ఈరన్న వివరిస్తుంటే నేను నోరు తెరుచుకుని విన్నాను. నేను ఏ పుస్తకంలోనూ చదవని జవాబు, నూరేళ్లుగా ఆ గూట్లో ఉంది.

బసప్ప మాత్రం చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దప్పా. అది దేవునిది. నా ఎంగిలి దాసుకునేదానికి దాన్ని తీసేది తప్పు."

ఈరన్న చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పెద్దవాళ్లు వద్దన్నదాన్ని తోసి మాట్లాడే పిల్లవాడు కాదు. అప్పుడు నాకు మందుల పెట్టె గుర్తొచ్చింది. అప్పట్లో సూదులు ఉడకబెట్టి మళ్లీ మళ్లీ వాడేవాళ్లం. వాటి కన్నాలు పూడకుండా లోపల దూర్చి ఉంచే తీగెలు ఉండేవి, వెంట్రుకకంటే కాస్త లావు. ఒకటి తీసి ఈరన్నకు ఇచ్చాను. వాడు మా పెట్టెలోని పట్టకారుతో కొస వంచి, నాడె కంతలో దూర్చి, దారం తగిలించి లాగాడు. దారం పొడిగా బయటికి వచ్చింది.

బసప్ప నాడె అందుకుని తనే ఇంకోసారి చేశాడు. చేతకాలేదు. మూడోసారికి వచ్చింది. "ఆల్చం అవుతాది" అన్నాడు.

"అయితే కానీ" అంది గౌరమ్మ. "ఈ మందు అయ్యేదాంక నువ్వు నేసేటివన్నీ దేవుని పంచెలే అనుకో. దేవుని పంచెకు ఎవురన్నా తొందరపడతారా?"

బసప్ప నవ్వాడు. డబ్బాలోంచి ఒక ఎర్రమాత్ర తీసి నాకు చూపించి, "రేపు పొద్దున్నుంచి" అన్నాడు.

లేచేముందు నేను అతని పక్కన గుంత అంచున కూర్చున్నాను. "బసప్పా, కిటికీ దగ్గర నేను అన్నమాట చాలా తప్పు. నన్ను మన్నించు" అన్నాను. అతను, "మందిచ్చేటోల్లు ఒక మాట అంటారు, పోతారు. దానికేమిలే సాబూ" అన్నాడు. అతను అంత తేలిగ్గా వదిలేశాడు కాబట్టే నేను వదిలెయ్యలేకపోయాను.

ఉగ్గాని ముందు

బస్టాండులో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ చెప్పాను. ఈరన్న తింటున్నాడు. నేను పొట్లం పట్టుకుని కూర్చున్నాను.

"ఎంగిలి సంగతి నీకు ఎప్పుడు తట్టింది?"

వాడు కొరికిన బజ్జీ పొట్లంలో పెట్టాడు. "మొదటి రోజే సార్. ఆయనకు కాగితం సదివిన నాడే."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"మీరే అంటిరి గద సార్, ఈడ మగ్గం మాటలు వద్దని."

వాడి మాటలో కోపం లేదు. నిష్ఠూరం కూడా లేదు. చెప్పిన పని చేసిన విద్యార్థి చెప్పే జవాబు అది. ఎనిమిది వారాలు ఒక మనిషి నా కళ్ల ముందు చావుకు దగ్గరవుతుంటే, అతన్ని బతికించే సంగతి నా పక్కనే తెల్లకోటు వేసుకుని నిలబడి ఉంది. దాని నోరు మూయించింది నేను. చలపతిగారు నాకు పెట్టిన వాతను నేను దాచుకుని దాచుకుని, తీరా ఈ పిల్లవాడికి పెట్టాను. ఆ బజ్జీ నేను తినలేదు.

డాక్టరమ్మకు అంతా చెప్పాను. మొగుడు లేచినప్పుడు గౌరమ్మ కూడా అదే నాడెకు నోరు పెట్టి నేస్తుందని విని ఆమెను కూడా పరీక్షకు పిలిపించింది. ఆమెకు ఏమీ లేదు. తర్వాత నా వైపు తిరిగింది. నేనే ముందుగా అన్నాను, "సీసా చూడలేదమ్మా." ఆమె తల ఊపింది.

ఆ తర్వాత ట్రైనింగు

తరువాతి గురువారం బసప్ప ఒక పాత దగ్గుమందు సీసా తెచ్చి కిటికీలో పెట్టాడు. దాని పక్కన నేను కోసిన మెట్ల కాగితం ఇంకా ఉంది. లోపల మూత్రం, కుంకుమనీళ్లలా. "నాలుగు మోతాదులు ఉంది సాబూ" అన్నాడు. వరసంతా నవ్వింది, నేనూ నవ్వాను. మధ్యలో మానినందువల్ల మందులు మార్చాల్సి వచ్చింది, సూదులు కూడా కలిశాయి. ఆరు నెలలనుకున్నది తొమ్మిది నెలలు పట్టింది.

నా సూచనల కాగితం చింపేశాను. కొత్తది ఈరన్న చెప్పాడు, నేను రాశాను. "ఈ మాత్ర పొద్దున్నే ఏమీ తినకముందు మింగాల. ఒంటికి పోతే ఎర్రగ వస్తాది, ఎంగిలి ఎర్రగ వస్తాది. అది రక్తం కాదు. నీ పనిలో నోరు పెట్టేది ఉంటే మాకు సెప్పు." నా బతుకులో నేను రాసిన మంచి తెలుగు అదే.

ఆ తర్వాత వచ్చిన పిల్లలను మొదటి వారం మందు ముట్టనివ్వలేదు. కోటు విప్పించి కిటికీ బయట వరసలో నిలబెట్టేవాణ్ణి. వరసలోని రోగులను అడగాల్సింది ఒకటే: పొద్దున లేచినప్పటినుంచి నీ చేతులు ఏం చేస్తాయి, నోరు ఏం చేస్తుంది? కాలేజీవాళ్లు ఇది సిలబస్‌లో లేదన్నారు. లేదు నిజమే. కృష్ణగిరి పిల్లవాడొకడు ఆ వరసలోనే కనుక్కున్నాడు, జిన్నింగు మిల్లు ఆడవాళ్లు కంటిమందు ఎందుకు వేసుకోవడం లేదో. వేసుకుంటే కంటికి దూది అంటుకుంటుంది, పని దిగాక వేసుకోమని చెబితే వేసుకున్నారు. రంజాన్ నెలలో మందుల వేళలు మార్చడం గురించి మీకు ఎవరైనా చెబుతారు, అది పంచాంగం చూసినా తెలుస్తుంది. ఇలాంటివి అడిగితేనే తెలుస్తాయి.

ఇంకొకటి. ట్రైనింగు పిల్లలను వాళ్ల ఊరేదో, ఇంట్లో ఏ పని చేస్తారో మొదటి రోజే అడిగేవాణ్ణి. పల్లెనుంచి వచ్చిన పిల్లలు మొదట సిగ్గుపడతారు. ఇంటిని గేటు బయట వదిలి రావాలనుకుంటారు. మనమే అలా అనుకునేట్టు చేశాం. ఊరివాళ్ల అలవాట్లు తెలుసుకోవాలని ఇప్పుడు పెద్ద పెద్ద పాఠాలు చెబుతున్నారట, మంచిదే. కానీ ముందు, ఆ పిల్లలు తమ వెంట తెచ్చుకున్నదాన్ని పారేయకుండా చూడండి.

గూడు

ఈరన్నకు ట్రైనింగు పూర్తయి మాధవరం దగ్గర మందుల అంగడిలో పని దొరికింది. బసప్ప మందులు ముగిసేనాటికి వాడు లేడు. డాక్టరమ్మ కఫం పరీక్ష చూసి, ఇక చాలు పొమ్మంది. ఆ సాయంత్రం బస్సుకు టైముంటే నేను వాళ్లింటికి నడిచాను. ఒకటి, అతన్ని మగ్గం మీద చూడాలని. రెండు, ఆ తీగె. సూదికి తీగె లేకపోతే సూది పూడుతుంది. నేను సామాను విషయంలో పిసినారిని.

బసప్ప నేస్తున్నాడు. ఒళ్లు చేశాడు. నాడెకు నోరే పెట్టాడు, ఎంగిలి ఇప్పుడు తెల్లగానే ఉంది కాబట్టి. అది వద్దని డాక్టరమ్మ చెప్పిందని గుర్తుచేస్తే నాలుక కరుచుకున్నాడు. తీగె ఏదని అడిగాను.

మొగుడూ పెళ్లామూ మొహాలు చూసుకున్నారు. గౌరమ్మ నన్ను దేవుని గూటి దగ్గరకు తీసుకుపోయింది. పసుపు గుడ్డ విప్పింది. రెండు కొక్కేలు పక్కపక్కన ఉన్నాయి. పాతది, మా ఆసుపత్రిది. రెండింటికీ కుంకుమ పెట్టి ఉంది.

"మొన్న జాతరకు వంతు మాదే వచ్చింది సాబూ. పాత కొక్కెం కొస ఇరిగినాది. మీ దాంతోనే నేసినాడు దేవుని పంచె. ఇమ్మంటే ఇస్తాం" అంది.

నేను ఆ గూటి ముందు అలా నిలబడిపోయాను. పరుపులు కుట్టే మా అబ్బా గేటు బయట నిలబడి చూసి వెళ్లిపోయిన రోజు ఎందుకో గుర్తొచ్చింది. కళ్లు తడిశాయి. ఏదో చెప్పాలి. కోటు ఒంటిమీదే ఉంది, కానీ రేడియో తెలుగు ఒక్క ముక్క రాలేదు.

"ఇయ్యొద్దమ్మా" అన్నాను. "ఆడనే ఉండనీ. మాకు సూదులకు యాడన్నా ఇంగొకటి దొరుకుతాది."

బసప్ప మగ్గం ఆపి నా వైపు తిరిగాడు. "సాబూ, మీదీ ఈ పక్క ఊరేనా?" అని అడిగాడు.